రోజుకో ఇంగ్లీషు మాట

"ఇవాళ ఏదో కీడు జరుగుతుందనిపిస్తోందండీ," అంది తల్లి, పొయ్యి మీద పాలింకా పొంగకముందే.

"ఏ రోజు అనిపించలేదు గనక?" అన్నాడు తండ్రి గడ్డం గీసుకుంటూ.

దూరాన ఉద్యోగమొచ్చిందన్న కూతుర్ని "నువ్వొక్కదానివి బతకలేవే" అందావిడ. "బతికి చూపిస్తా, అప్పటిదాకా నీతో మాట్లాడను" అని పిల్ల వెళ్ళిపోయింది. నెలలు గడిచాయి. ఫోను చేస్తే ఎత్తదు. పిల్ల పనిచేసే కంపెనీ మాత్రం రోజుకో ఇంగ్లీషు మాటకు అర్థమూ, పుట్టుకా తెలుగులో చెప్పి చందాదారుల ఫోన్లకు పంపుతుంది. ఆ రాసే పనికే పిల్లను తీసుకున్నారు. అందుకే తల్లి చందా కట్టింది. ఒక్కో మాటా మళ్ళీ మళ్ళీ చదువుకునేది, బిడ్డ గొంతు వినబడుతుందేమోనని. "హ్యాపీ" అనే మాట అదృష్టంలోంచి పుట్టిందని వచ్చిన రోజు వీధంతా చెప్పుకొచ్చింది.

మొన్న "ట్రావెల్": ప్రయాణం, ఒకప్పుడు యాతన. నిన్న "ట్రబుల్": కలకబారిన నీళ్ళలోంచి పుట్టింది. ఇవాళ "డిజాస్టర్": చెడ్డ నక్షత్రం.

"చూశారా! ఎక్కడికో బయల్దేరింది, చిక్కులో పడింది, ఇప్పుడు..."

"అది దాని ఉద్యోగమే!"

ఆవిడ అప్పటికే పిల్ల అద్దెకున్న ఇంటావిడకు ఫోను కలిపింది.

"తలుపుకి తాళం వేసుందండీ," అంది ఇంటావిడ.

"దాన్ని లోపల పెట్టి తాళం వేశారేమో, తల్లీ!"

ఆ మాటకు ఇంటావిడా బెదిరి, తాళాలు బాగుచేసే అతన్ని పిలిపించింది. అతను తాళం పగలగొడుతుంటే మేడమీదాయన చూసి "దొంగ! దొంగ!" అని అరిచాడు. వీధి జనం అతన్ని పట్టుకున్నారు. విడిపించబోయిన ఇంటావిడను దొంగకు తోడన్నారు. పోలీసులొచ్చారు. తన గదిలో దొంగపడ్డాడన్న కబురందగానే పిల్ల ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చింది.

ఇంటావిడ ఏడుస్తూ తల్లికి మళ్ళీ ఫోను కలిపి పిల్ల చేతిలో పెట్టింది. "ముందు మీ అమ్మతో మాట్లాడు!"

"నువ్వు పంపిన మాటలు చూసి భయపడ్డానే," అంది తల్లి. "బాగున్నావా? ఒక్క మాట చెప్పు చాలు."

అవతల పరుగెత్తుకొచ్చిన ఊపిరి వినిపించింది. ఆ ఊపిరినే తల్లి కళ్ళు మూసుకుని వింది.

"బాగున్నానమ్మా," అంది పిల్ల. "కానీ ఆ మాటలు నావి కావే. నన్ను వేరే పనిలో వేసి నెలైంది. ఇప్పుడు మా మేనేజరుగారు రాస్తున్నారు."

తల్లి కళ్ళు తుడుచుకుని కాస్త ఆలోచించింది.

"పాపం, ఆయనకి అమ్మ ఉందా?"