గ్రాఫిక్స్ కార్డుకు ఫ్రీజర్ పెట్టె

ఆ రోజు పొద్దున తిరుపతి వేసుకున్న పథకంలో చావు ప్రసక్తి ఎక్కడా లేదు. మధ్యాహ్నంలోగా ఎలాగైనా చలి సంపాదించాలి, సాయంత్రం నాలుగింటికి ఆ చలిలో గ్రాఫిక్స్ కార్డును నడిపి హెడ్డాఫీసు పెద్దలకు వీడియోలో చూపించాలి. అంతే.

అయితే అది మే నెల. గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే గోడలు కాగుతున్నాయి. కార్డేమో వీడియో గేముల పిచ్చి ముదిరినవాళ్ల కోసం తయారవుతున్న ఖరీదైన సరుకు. ఇటుకంత ఉంటుంది, ఇటుకకన్నా బరువు, ఆట మొదలైతే ఇస్త్రీపెట్టెలా కాగుతుంది. దాన్ని చల్లబరిచే రాగి పలకా, గొట్టాలూ, మూడు ఫ్యాన్లూ ఎలా ఉండాలో గీసి, చేయించి, పరీక్షించడమే తిరుపతి ఉద్యోగం. కార్డు చల్లగా ఉన్నంతసేపూ చప్పుడు రాకూడదని ఫ్యాన్లు నిద్రపోతాయి. చలిదేశంలో, చల్లటి గదిలో, ఒక్కసారిగా ఆట మొదలైతే అవి వెంటనే లేవాలి. పాత నమూనాలో లేచేవి కావు. రెండేళ్లు తిప్పలు పడి తిరుపతి ఆ జబ్బు కుదిర్చాడు. ఇక కుదిరిందని చూపించాలి.

చూపించడానికి ఆఫీసులో చలి గది ఒకటుంది. అది సరిగ్గా క్రితం రోజే చెడిపోయింది. మేనేజరు ఆమని పొద్దున్నే ఫోన్ చేసి, "ఈ రోజు చూపించకపోతే పని వేరే ఊరి టీమ్‌కి వెళ్లిపోతుందండి. మన ఆరుగురం ఏమవుతామో నేను చెప్పలేను" అంది. ఆమె గొంతులో భయం తిరుపతికి స్పష్టంగా వినిపించింది. ఆ ఆరుగురిలో మొన్ననే ఇల్లు కొన్నవాడున్నాడు, నెలలు నిండిన భార్య ఉన్నవాడున్నాడు. తిరుపతికి చెమటలు పట్టాయి, అవి ఎండవల్ల కావు.

అప్పుడు తట్టింది. కిందటి నెల మూడో అంతస్తులో ఎవరో పోతే పరామర్శకు వెళ్లాడు. అందరూ పోయినాయన ముఖం చూసి కన్నీళ్లు పెట్టుకుంటుంటే, ఇతను మాత్రం కాళ్లవైపు ఉన్న కంప్రెసర్‌నూ, అంకెల్లో కనిపిస్తున్న చల్లదనాన్నీ చూస్తూ నిలబడ్డాడు. వృత్తి అలాంటిది. శవాన్ని ఉంచే ఆ ఫ్రీజర్ పెట్టె మీద ఫోన్ నంబరు కూడా ఉంది, దాన్ని అప్పుడే ఫోటో తీసుకున్నాడు.

"ఎవరు పోయిన్రు సార్?" అని అడిగాడు పెట్టెలు కిరాయికిచ్చే శివ.

"ఎవరూ పోలే. సాయంత్రందాక పెట్టె గావాలె."

ఈ వ్యాపారంలో శివ చూడనిది లేదు. "ఇంకా పోలేదా సార్? అయినా ముందే తెప్పిచ్చుకునుడు మంచిదే. ఎండలు గట్లనే ఉన్నయ్."

కంప్యూటర్ కోసమంటే ఇవ్వడేమోనని తిరుపతి నోరు మూసుకున్నాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు. శివ దాన్ని పూర్తిగానే తీసుకున్నాడు.

'వైకుంఠ రథం' అని రాసిన వ్యాను గేటు ముందు ఆగేసరికి వాచ్‌మన్ ఐలయ్య లేచి నిలబడ్డాడు. ఏమీ అడగలేదు, అలాంటప్పుడు అడగకూడదు. పెట్టె నాలుగో అంతస్తుకు వెళ్లింది. ఆ ఫ్లాటులో ఉండేది ఇద్దరే, తిరుపతీ, తండ్రి వెంకటనారాయణా. కొడుకేమో దగ్గరుండి పెట్టె ఎక్కిస్తున్నాడు. కనుక పోయింది తండ్రే. ఆ తండ్రి తెల్లవారుజామునే, ఐలయ్య మోటారు వేయడానికి వెళ్లినప్పుడు గేటు దాటి, తాను పాతికేళ్లు లేతు మిషన్ నడిపిన బాలానగర్‌కు పాత స్నేహితులను చూడటానికి వెళ్లాడు. ఫోను చార్జింగులో మరిచిపోయాడు.

ఐలయ్య తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకుని అసోసియేషన్ వాళ్లకు కబురు చెప్పాడు. కాసేపట్లో అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో 'ఓం శాంతి' పెట్టారు. మనకో మంచి అలవాటుంది. పోయిందెవరో తెలిసేలోపే చేతులు జోడించేస్తాం. తెలిశాక మళ్లీ జోడిస్తాం.

పైన తిరుపతి కంప్యూటరును పెట్టెలో పడుకోబెట్టి మూత వేశాడు. కిటికీ ఎండ అద్దాన్ని కాల్చకుండా తెల్ల దుప్పటి కప్పాడు. చెమ్మ పీల్చుకుంటుందని లోపలొక గిన్నెడు, అది తడిస్తే మార్చడానికి బయటొక గిన్నెడు బియ్యం పెట్టాడు. మధ్యలో తండ్రి ఫోను మోగుతూనే ఉంది. అందుకునే తీరిక లేదు. తలుపు చప్పుడైతే తీశాడు. ఎదురింటి రాజమ్మ నేరుగా లోపలికి వచ్చింది. తెల్ల దుప్పటి చూసింది, బియ్యం చూసింది, మూలన ఎత్తేవాడు లేక మోగుతున్న పెద్దాయన ఫోను చూసింది. కూలబడిపోయింది.

ఆమె వెనకే పాతికమంది వచ్చారు. విషయం అర్థమయ్యాక తిరుపతి తలపట్టుకున్నాడు. ఆ తలపట్టుకోవడం చూసి ఇద్దరు మగవాళ్లు వచ్చి అతని చెరో భుజం పట్టుకున్నారు.

"నాయిన బాలానగర్ పోయిండు. సాయంత్రం వస్తడు" అన్నాడు తిరుపతి.

"అట్లనే అనిపిస్తది బిడ్డా" అంది రాజమ్మ కళ్లు తుడుచుకుంటూ. "మా ఆయన పోయినప్పుడు నేను గూడ నెలదినాలు తలుపు తీసే ఉంచిన."

తిరుపతి దుప్పటి పక్కకు లాగాడు. అద్దం నిండా చెమ్మ. దాని కింద మసక మసకగా ఒక నల్లటి ఆకారం, అందులోంచి ఎర్రగా, నీలంగా, మళ్లీ ఎర్రగా వెలుగు. గేములాడేవాళ్ల సరదాకని కార్డుకు పెట్టిన రంగు లైట్లవి. రాజమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, ఇంతటి పుణ్యాత్ముడి ఎదురింట్లో ఉండి కూడా తెలుసుకోలేకపోయానని ఏడ్చింది. దుప్పటి ఆమే మళ్లీ కప్పింది.

ఆ తరువాత దండలు రావడం మొదలైంది. పెట్టె కాళ్లవైపు కంప్రెసర్ గాలి పీల్చుకునే జాలీ ఉంటుంది. దండలన్నీ పాదాల దగ్గరే వేస్తారు గనుక ఆ జాలీ బంతిపూలతో మూసుకుపోయింది. దాని పక్కనే ఎవరో దీపం వెలిగించారు. గది నిండా మనుషులు, తెరిచిన తలుపు, బయటి వడగాలి. పెట్టె మీది అంకె పైకి పాకుతోంది. తిరుపతి వంగి దండలు తీస్తుంటే, తండ్రి పాదాలు వదల్లేకపోతున్నాడని లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టారు. ఊపిరాడక కంప్రెసర్ ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే లాప్‌టాప్‌లో మీటింగ్ తెరుచుకుంది. ఆమనీ, హెడ్డాఫీసు పెద్దలు ముగ్గురూ చూసిన దృశ్యం ఇది. పూలలో మునిగిన పెట్టె, తలవైపు కూర్చుని రాగం తీస్తున్న ముసలామె, చెరోపక్కా మనుషులు పట్టుకుంటే ఏదో అరుస్తున్న తమ ఇంజనీరు. అతను అరుస్తున్నది 'లోపలున్నది కార్డే' అని. మర్యాద తెలిసిన ఆమని అతని మైకు ఆపేసింది. పెద్దలు ముగ్గురూ ఏవో కాగితాలు పక్కన పెట్టి, తలలు వంచి కాసేపు మౌనం పాటించి వెళ్లిపోయారు.

ఈలోగా వెంకటనారాయణ ఆటో దిగాడు. కింద షామియానా, కుర్చీలు. ఎవరని కుర్చీలు వేస్తున్న కుర్రాళ్లను అడిగితే నాలుగో అంతస్తు పెద్దమనిషి అన్నారు. తన అంతస్తులో చివరింటాయనకు గుండెజబ్బు ఉందని గుర్తొచ్చి ఆయన నొచ్చుకున్నాడు. అక్కడున్న దండొకటి తీసుకుని వరసలో పైకి వచ్చాడు. వరస తన ఇంట్లోకే వెళ్తుంటే కొంచెం ఆశ్చర్యపోయాడు. అయినా పద్ధతి ప్రకారం దండ పెట్టె మీద వేసి, దండం పెట్టి, కొడుకు చెవి దగ్గరికి వంగాడు.

"ఎవర్రా?"

రాజమ్మ రాగం సగంలో ఆగిపోయింది.

గది ఖాళీ కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. కొందరికి కోపం కూడా వచ్చింది. ఆఫీసుకు సెలవుపెట్టి వస్తే మనిషి బతికి ఉండటం ఏం మర్యాద? వెంకటనారాయణకు మాత్రం కోపం లేదు. ఎవరెవరు వచ్చారో, ఎవరు ఎక్కువ ఏడ్చారో అడిగి తెలుసుకున్నాడు. తరువాత కొడుకుతో కలిసి జాలీ మీది దండలన్నీ తీశాడు. కంప్రెసర్ మళ్లీ ఊపిరి తీసుకుంది. తలుపు మూసేసరికి పెట్టె చల్లబడింది. చూసేవాళ్లెవరూ లేకపోయినా తిరుపతి ఆట మొదలుపెట్టాడు. మూడు ఫ్యాన్లూ ఒక్కసారే లేచాయి. తెర మీద వేడి గీత కొంచెం పైకి లేచి, ఎర్రగీతకు చాలా కిందే ఆగి, అక్కడే నిలిచిపోయింది.

"మంచిగ తిరుగుతున్నయ్ రా" అన్నాడు తండ్రి. రెండేళ్లలో తిరుపతికి ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఆమని ఫోన్ చేసింది. ఓదార్పు మాటలు మొదలుపెట్టబోతే తిరుపతి ఆపి, ఉన్నదున్నట్టు చెప్పాడు. నాన్న బతికే ఉన్నాడనీ, పరీక్ష నెగ్గిందనీ, రేపు మళ్లీ చూపించగలననీ అన్నాడు.

"వాళ్లు టెస్ట్ చూడ్డానికి రాలేదండి" అంది ఆమని. "మన టీమ్‌ని తీసేస్తున్నామని చెప్పడానికి వచ్చారట. నిన్ననే నిర్ణయమైపోయిందట. చావింట్లో చెప్పలేక ఊరుకున్నారు. ఇప్పుడే నాకు మెయిల్ పెట్టారండి. ఆరుగురికీ."

పొద్దుటినుంచీ ఆ ఇంట్లో ఏడవనివాడు తిరుపతి ఒక్కడే. ఇప్పుడు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. పెట్టెలో ఫ్యాన్లు చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉన్నాయి.

చీకటి పడకముందే పెట్టె తీసుకెళ్లడానికి శివ వచ్చాడు. గది నిండా వాడిన బంతిపూలు, ఆరిపోయిన దీపం, కళ్లు తుడుచుకుంటున్న కొడుకు, సోఫాలో నింపాదిగా చాయ్ తాగుతున్న పెద్దాయన. శివకు ఏమీ అంతుపట్టలేదు.

"పెద్దాయన మంచిగనే ఉన్నడు గద సార్" అన్నాడు గొంతు తగ్గించి. "మరి ఎవరు పోయిన్రు?"

"మేం ఆరుగురం" అన్నాడు తిరుపతి.

శివ అతన్నీ పెట్టెనూ మార్చి మార్చి చూసి, "ఒక్కటి సరిపోదు గద సార్" అన్నాడు.