యానాం డీజిలు యాత్ర

బందరు రేవులో ఇకమీదట ఎవరైనా లోకల్ బంకులో డీజిలు కొట్టించుకుంటే అది వ్యక్తిగత బలహీనతగా పరిగణించబడుతుందని రేవు పొదుపు కమిటీ చైర్మన్ కిరణ్ కుమార్ గారు మైకులో ప్రకటించారు. యానాంలో డీజిలు బాగా చవకని ఆయన స్వయంగా వాట్సాప్‌లో చదివారు. చేపల వేట నిషేధం ఆ అర్ధరాత్రితో అయిపోతుంది. మర్నాడు పడవలన్నీ యానాం డీజిలుతోనే సముద్రంలోకి దిగాలని ఆయన సంకల్పం. చవక డీజిలు కోసం రెండు జిల్లాలు దాటి వెళ్ళడానికి సిద్ధపడిన నాయకుణ్ణి బందరు అంతకుముందు ఎరగదు.

చిట్టెమ్మకి ఉన్నది ఒక్క పడవ. నిషేధం ఎత్తేసిన రోజు తెల్లవారేసరికి వేటలో ఉన్నవాళ్ళకే మంచి రొయ్య దొరుకుతుంది. సరుకు కొనే ఐసు లారీలు కూడా ఆ ఒక్కరోజే ఎగబడి వస్తాయి. అది తలుచుకుని ఆవిడ లేచి నిలబడింది.

"అంత దూరం వెళ్ళి రావడానికి డీజిలు ఖర్చవదా బాబూ?"

"అమ్మా, మీరు పడవ లెవెల్లో ఆలోచిస్తున్నారు," అన్నారు చైర్మన్ గారు జాలిగా. "నేను పాలసీ లెవెల్లో ఆలోచిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. డౌటు అడిగినందుకు చిట్టెమ్మని అక్కడికక్కడే 'మోడల్ లబ్ధిదారు'గా ఎంపిక చేసి మూడో కారులో కూర్చోబెట్టారు. రేవులో ఉన్న డ్రమ్ములన్నీ లారీకెక్కాయి. దాంతో ఎవరికైనా బలహీనత కలిగినా డీజిలు పట్టుకునే సాధనం లేకుండా పోయింది.

యానాం బందరుకి తూర్పున ఉంటుంది. ఏడు కార్లూ గుడివాడ వైపు తిరిగాయి.

"యానాం ఇటు కాదు కదయ్యా?" అంది చిట్టెమ్మ.

"గుడివాడలో దండలు రెడీగా ఉన్నాయి పిన్నిగారూ," అన్నాడు చైర్మన్ గారి పీఏ బాబ్జీ. "పొదుపు యాత్రలో పూలు వేస్టు చెయ్యకూడదండీ."

గుడివాడలో దండలు, ముదినేపల్లిలో ఇడ్లీలు. ఇడ్లీలు తిన్నంతసేపూ కార్ల ఇంజన్లు ఆపలేదు. ఏసీ ఆగితే దండలు వాడిపోతాయి. భీమవరంలో అన్ని కార్లూ వరసగా బంకులోకి దూరాయి. చవక డీజిలుకి చోటుండాలని అవి దాదాపు ఖాళీ ట్యాంకులతోనే బయల్దేరాయి మరి.

"ఇక్కడ మామూలు రేటే కదా?" అంది చిట్టెమ్మ.

"ఇది యానాం వెళ్ళే ఖర్చండీ. పొదుపు యానాం నుంచి మొదలవుద్ది," అన్నాడు బాబ్జీ.

యానాం బంకు ఆయన లారీ వంక చూసి తల అడ్డంగా ఊపాడు. "డ్రమ్ముల్లో పొయ్యమండీ, రూలు ఒప్పుకోదు. బండి ట్యాంకులో అయితే ఎంతైనా పోస్తాం."

చైర్మన్ గారు చలించలేదు. పడవల డీజిలుకని రేవు వాళ్ళ దగ్గర వసూలు చేసిన డబ్బుతో కార్లన్నిటికీ ఫుల్ ట్యాంకు కొట్టించారు. "కారంటే ఏవిటి? చక్రాలున్న డ్రమ్ము. రేవుకెళ్ళాక పైపు పెట్టి లాగేద్దాం!"

చవక డీజిలు నిండుగా ఉందన్న ధైర్యంతో రెండు కార్లు ద్రాక్షారామం దర్శనానికి వెళ్ళాయి. రెండు అంతర్వేది బీచి చూడ్డానికి వెళ్ళాయి. ఒకటి పెదపారుపూడిలో పెళ్ళి కూడా చూసుకుని వచ్చింది. చిట్టెమ్మ ఉన్న కారు భీమవరం ప్రెస్ మీట్ అయ్యేదాకా ఏసీలో నిలబడింది.

రేవు చేరేసరికి మర్నాడు బాగా ఎండెక్కింది. కట్టేసిన పడవలు కట్టేసినట్టే ఉన్నాయి. బాబ్జీ మొదటి కారు ట్యాంకులో పైపు దోపి నోటితో పీల్చాడు. గాలి వచ్చింది. అయిదో కారు దగ్గర అర టీగ్లాసుడు డీజిలు వచ్చింది. దానికి కొబ్బరికాయ కొట్టారు.

"లారీ మీద నిండు డ్రమ్ములున్నాయి కదరా," అన్నారు చైర్మన్ గారు.

"డ్రమ్ముల్లో పొయ్యనన్నాడు కదా ఆ బంకాయన?" అంది చిట్టెమ్మ.

"తర్వాత చెప్తాను పిన్నిగారూ, ముందు కెమెరా వైపు నవ్వండి."

చైర్మన్ గారు స్వహస్తాలతో ఒక డ్రమ్ము వంచి చిట్టెమ్మ పడవ ట్యాంకులోకి పోశారు. పడవ నడిపే సరంగు దుర్గారావు, చేతి మీద పడ్డ చుక్కలు వాసన చూశాడు.

"పిన్నీ, డీజిలు కాదే! నీళ్ళు!"

"గోదారి నీళ్ళండీ," అన్నాడు బాబ్జీ గొంతు తగ్గించి. "యానాంలోనే పట్టాం. ఖాళీ డ్రమ్ములైతే ఫోటోలో బాగోవని."

చిట్టెమ్మ డ్రమ్ము మీదికి ఉరికింది. "అలాగే ఉండండమ్మా, చెయ్యి డ్రమ్ము మీదే ఉంచండి, చాలా నేచురల్‌గా ఉంది," అన్నాడు ఫోటోగ్రాఫరు. డ్రమ్ము పూర్తిగా ఖాళీ అయ్యేవరకూ ఫోటోలు తీశాడు.

"ట్యాంకు విప్పాలి, ఇంజను కడగాలి," అన్నాడు దుర్గారావు. "ఈ వారం ఇది కదల్దు పిన్నీ."

ఖాళీగా నిలబడ్డ ఐసు లారీలు ఒక్కొక్కటే స్టార్టయి, నిజాంపట్నం రేవుకని అవనిగడ్డ రోడ్డు పట్టాయి. చిట్టెమ్మ పడవ అంచు పట్టుకుని వాటినే చూస్తోంది. చైర్మన్ గారు మైకు అందుకున్నారు.

"సోదరులారా! నిన్న పొద్దుటి నుంచి ఈ క్షణం దాకా మన రేవు పడవలు చుక్క డీజిలు కాల్చలేదు! ఈ మాట దేశంలో ఇంకే రేవైనా చెప్పగలదా?"

ఏ రేవూ చెప్పలేదు. మిగతా రేవులవాళ్ళంతా వేటలో ఉన్నారు.