వేడిగదిలో ఉల్లిగడ్డలు

ఆ చలికాలం ఉదయం రమ పెట్టుకున్న పని ఒక్కటే. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులో వెళ్ళి, హీటర్లు పెట్టిన గదిలో గంటన్నర యోగా చేసి, మధ్యలో పారిపోకుండా బయటికి రావడం. నడుము నొప్పి తగ్గుతుందో లేదో దేవుడికెరుక, అసలు పట్టుదల మాత్రం కుట్టుమిషను దుకాణం కోసం. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మొగుడు గంగారాం ముందురోజు నలుగురిలో నోరు జారాడు.

"గంటన్నర అండ్ల ఉంటే దుకాణం పెట్టుకో, నేను అడ్డం రాను. నడుమ బయటికొచ్చినవా, మల్ల ఆ మాటెత్తొద్దు."

"ఉంట. నువ్వే వచ్చి సూడు," అంది రమ.

ఖాళీ కడుపుతో రమ్మన్నాడు యోగా సారు సిద్దార్థ. అత్త ఎంకవ్వ అది ఎలాగో ఓర్చుకుంది గానీ, కోడలిని ఉత్తగా వేడిలోకి పంపడం ఆమె వల్ల కాలేదు. రెండు ఉల్లిగడ్డలు గుడ్డలో చుట్టి రమ నడుముకు కట్టింది.

"ఇది ఎండకాలం కాదత్తా!"

"ఎండైతేంది, హీటరైతేంది? ఉల్లిగడ్డ ఉంటే వడదెబ్బ దగ్గరికి రాదు. కట్టుకపో."

గది తలుపు తీయగానే వడ్లు ఉడికించే బాయిలర్ పక్కన నిలబడ్డట్టయింది. సిద్దార్థ కొత్తవాళ్ళకు జాగ్రత్తలు చెప్పాడు. "చెమట కారుతది, పరేషాన్ గాకుండ్రి. నీళ్ళు గుక్క గుక్క తాగుండ్రి. పక్కామెతోని పోటీ పడొద్దు. కండ్లు తిరిగితే ఆడనే పండుండ్రి. ఆఖర్ల మాత్రం నేను లెవ్వమనేదాక ఎవ్వరు కదలొద్దు."

సగం దాకా బాగానే జరిగింది. బోర్లా పడుకుని ఛాతీ ఎత్తమన్నప్పుడు రమ బలమంతా పెట్టింది, కింద ఉల్లిగడ్డలు చితికాయి. మూసిన గదిలో ఆ ఘాటుకు ముందు రమకు, తర్వాత పక్కామెకు, ఆపైన అందరికీ కళ్ళ వెంట నీళ్ళు కారాయి. పడిశం పట్టిన సిద్దార్థకు వాసన తెలియలేదు.

"ఏడ్వుండ్రి! లోపలి బాధలు బయటికొస్తున్నయి!"

సారే చెప్పాక ఇంకేం? రమ పక్కామె ఆడబిడ్డను తలచుకుని భోరుమంది. మిగతావాళ్ళు వాళ్ళిద్దరి చుట్టూ చేరి ఎవరి బాధలు వాళ్ళు తలచుకున్నారు. బయటికి ఉరుకుదామనుకున్న రమ దుకాణాన్ని తలచుకుని పళ్ళు బిగబట్టింది. ఇక వెల్లకిలా పడుకోమని సారు చెబితే విన్నది ఆమె ఒక్కతే.

భార్య ఎప్పుడు ఉరికొస్తుందా అని బయట బెంచీ మీద కాచుకున్న గంగారాం ఆ ఏడుపులు విని తలుపు తోశాడు. చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఏడుస్తున్నారు. మధ్యలో రమ కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని, ఉలుకూ పలుకూ లేకుండా ఉంది.

"లెవ్వే రమా! దుకాణం పెట్టుకోవే, నేను అడ్డం రాను!"

రమ విన్నది. సారు ఇంకా లెవ్వమనలేదు.

"బస్టాండు కాడనే పెట్టుకో! రెండు మిషన్లు తెస్త!"

రమ ఊపిరి మరింత మెల్లగా తీసింది.

"నేను దుబాయి పోనే! నీ దుకాణంలనే కూసోని కాజాలు కుడత!"

గంగారాం నిజంగానే వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంత ప్రేమ దాచుకున్నాడా ఈ మనిషి అని రమ గుండె కరిగిపోయింది. లేచి అతని చెయ్యి పట్టుకోవాలనిపించింది. కానీ గంటన్నర కావాలి కదా.

ఎట్టకేలకు సారు చేతులు తట్టాడు. "ఇగ లెవ్వుండ్రి."

రమ లేచి కూర్చుంది. "మిషన్లు రెండంటివి గదా?"

స్వెట్టరుతోనే ఆ వేడిలోకి వచ్చిన గంగారాంకు అప్పటికే కళ్ళు తిరుగుతున్నాయి. అవునని తలూపి అక్కడే పడుకున్నాడు.

మొదటి రోజే శవాసనం ఇంత బాగా కుదిరిన మనిషిని చూడలేదని సిద్దార్థ రమను మెచ్చుకున్నాడు.