ట్యూబు ముక్క వాషరు

పంక్చరు షాపాయన ఆ పొద్దున పెట్టుకున్న పని చిన్నదే. సిలిండరు మార్చడం, కాఫీ తాగడం, ఎనిమిదింటికల్లా షాపు తెరవడం. కొత్త సిలిండరు మూత తీసి చూస్తే లోపల ఉండాల్సిన రబ్బరు వాషరు చీలిపోయి ఉంది. మెకానిక్కుకి ఫోను చెయ్యమంది భార్య. ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలింది.

"ఇరవయ్యేళ్ళుగా గాలిని బంధించి బతుకుతున్నా. నాకు ఇంకొకడొచ్చి నేర్పాలా?"

సైకిలు ట్యూబులోంచి ఉంగరమంత ముక్క కోసి, వాషరు చోట అదిమి, పైన రెగ్యులేటరు బిగించి, సిలిండరు వీపు చరిచాడు. షాపులో ఏ ట్యూబునీ నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూడకుండా ఎవరి చేతికీ ఇచ్చిన మనిషి కాదు. ఇంట్లో అడిగేవాడెవడు?

ఇంటి ముందున్న పంపు దగ్గర చేతులు కడుక్కుంటుంటే, బట్టలారేస్తున్న భార్య మళ్ళీ మెకానిక్కు మాటెత్తింది. పావుగంట వాదించుకున్నారు. కాఫీ పెడదామని ఆమె గుమ్మం దాటిందో లేదో, కుళ్ళిన కోడిగుడ్ల వాసన ముక్కు బద్దలుకొట్టింది. స్విచ్చు దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి తీసుకుని, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచి వీధిలోకొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది.

"నాన్న లోపలే ఉన్నాడండీ."

మామగారికి నిద్ర లేవగానే ముందు సిగరెట్టు వెలగాలి, కళ్ళు ఆ తర్వాత తెరుచుకుంటాయి. అగ్గిపెట్టె తలగడ కిందే ఉంటుంది.

కష్టమొస్తే ఒక్క తలుపూ తీయని వీధి, గ్యాసు అనగానే నిమిషంలో పోగైంది. ఎవరో కాలింగ్ బెల్లు మీదకి చెయ్యి పోనిస్తే, పక్కింటి రిటైర్డ్ డ్రైవరు చొక్కా పట్టుకుని లాగాడు. బెల్లులో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలన్నాడు. తండ్రికి ఫోను చేద్దామన్న పంక్చరు షాపాయన భార్యని కూడా ఆ మాటే చెప్పి ఆపాడు. మరి గట్టిగా పిలుద్దామా అంటే, లేపితే అగ్గిపుల్ల, లేపకపోతే గ్యాసు. ముసలాయన ఎక్కడ లేస్తాడోనని వీధి వీధంతా ఊపిరి బిగబట్టి నిలబడింది. ఒక పసిబిడ్డ ఏడుపు మొదలెడితే తల్లి నోరు మూసి పక్క వీధికి పరిగెత్తింది.

కిటికీ సందులోంచి మంచం మీద దుప్పటి ఉబ్బెత్తుగా కనిపిస్తోంది.

"కదలట్లేదు," అంది భార్య.

ట్యూబు ముక్క సంగతి తెలిసింది ఆయనొక్కడికే. తడి తువ్వాలు ముక్కుకి చుట్టుకుని నేల మీద పాకబోయాడు. "పాకకు బాబూ, ఇది పొగ కాదు, గ్యాసు. నేలబారునే ఉంటుంది," అన్నాడు డ్రైవరు వెనకనుంచి. అల్లుడు లేచి, ఊపిరి బిగించి లోపలికి నడిచాడు. మూలనున్న ఫ్రిజ్ టక్కుమని మొదలైంది. ఆయన గుండె ఆగింది. ఇల్లు మాత్రం నిలబడే ఉంది.

అటూ ఇటూ చూడలేదు. దుప్పటితో సహా చుట్టేసి, భుజానికెత్తుకుని, కళ్ళు మూసుకుని పరిగెత్తాడు. మనిషి దూదిలా ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కడుపు నిండా తిన్నారా అని అడిగిన పాపాన పోలేదే అనుకున్నాడు. మూటని వీధిలో దించి, పక్కనే కూలబడి భోరుమన్నాడు.

"నన్ను క్షమించండి మామయ్యగారూ. వాషరు బదులు ట్యూబు ముక్క పెట్టి చంపుకున్నాను మిమ్మల్ని."

"చూశాలే అల్లుడూ."

మాట వెనకనుంచి వచ్చింది. మామగారు నిలబడి ఉన్నాడు, పెదాల మధ్య వెలిగించని సిగరెట్టు, పక్కన సంచీతో మెకానిక్కు. దుప్పటి విప్పితే రెండు తలగడలు, ఒక పొడుగు దిండు.

వాసనకే మామగారికి మెలకువ వచ్చి, దుప్పటి దిండ్ల మీదకి తోసేసి లేచాడట. అగ్గిపెట్టె ముట్టుకోలేదట. రెగ్యులేటరు పీకి, సిలిండరుకి మూత బిగించి, వంటింటి కిటికీ, పెరటి తలుపు తెరిచి మెకానిక్కు ఇంటికి నడిచాడట. మాకో మాట చెప్పొచ్చుగా నాన్నా అంది కూతురు ఏడుస్తూనే.

"మీ ఇద్దరూ మంచి పోట్లాటలో ఉన్నారు. మూత పెట్టేశాక ఇంక మధ్యలో కదిలించడం దేనికని."

ఇంట్లో వాసన పూర్తిగా పోయాక మెకానిక్కు కంపెనీ వాషరు వేసి, రెగ్యులేటరు బిగించి, చుట్టూ సబ్బు నురగ పూశాడు. ఒక్క బుడగా లేవలేదు. బయటికి తీసిన ట్యూబు ముక్కని పంక్చరు షాపాయన చేతిలో పెట్టి, "బుడగలు చూడ్డం మీ పనేగా అన్నా," అన్నాడు నెమ్మదిగా. వీధంతా విన్నది.

మర్నాడు మామగారు గాలి పోయిన సైకిలుని అల్లుడి షాపు ముందునుంచే నడిపించుకుంటూ వెళ్ళి, పక్క వీధిలో పంక్చరు వేయించుకున్నాడు.