నేను చక్రం తిప్పిన వారం

మా ఇంట్లో చక్రం తిప్పేది మా ఆవిడే. మాటవరసకు అనడం లేదు. ఆవిడకు రేసు సైకిల్ ఉంది, దానికి రెండు కార్బన్ చక్రాలున్నాయి. వాటిని మెత్తటి గుడ్డతో తుడిచేటప్పుడు ఆవిడ ముఖంలో కనిపించే ప్రేమను, నాకు నూట నాలుగు జ్వరం వచ్చినప్పుడు కూడా నేను చూడలేదు.

ఆ ఆదివారం కొండదారిలో సాధన ముగించి, ఆవిడ స్నేహితురాలి కారులో అటునుంచి అటే క్లినిక్‌కు వెళ్లింది. మా ఆవిడ ఫిజియోథెరపిస్టు. సైకిల్‌ను ఇంటికి చేర్చే పని నాకు పడింది.

"కారు వెనక స్టాండుకు సరిగ్గా కట్టండి."

"డ్రాయింగు మాస్టారికి చెప్పాలా? కొలత నా కంట్లోనే ఉంటుంది."

కొలత బాగానే కుదిరింది. వెనక చక్రం పొగగొట్టానికి సరిగ్గా ఎదురుగా, జానెడు దూరంలో వచ్చింది. గంటసేపు దానికి వేడి పొగ పట్టిస్తూ ఇంటికొచ్చాను.

దించి చూస్తే టైరు ఒకచోట మైనంలా కరిగింది. దాని కింద రిమ్ము బొటనవేలంత మేర ఉబ్బింది. కార్బన్ అంటే బొగ్గేనని పిల్లలకు కూడా తెలుసు. బొగ్గు కాలుతుందని నాకే తట్టలేదు.

గబగబా సైకిల్‌ను బాల్కనీలో పెట్టి ముసుగు కప్పేశాను. సాయంత్రం ఆవిడ రాగానే అడిగింది.

"సైకిల్ జాగ్రత్తగా తెచ్చారా?"

"వెచ్చగా తెచ్చాను. అంటే... భద్రంగా."

"పోటీ వచ్చే ఆదివారం. అప్పటిదాకా కాళ్లకు విశ్రాంతి. ఇక దాన్ని ముట్టుకోను."

నాకు ఆరు రోజులు దొరికాయి. ఆవిడకు తెలియకుండా అంతా చక్కబెట్టేయాలని ఆ క్షణమే తీర్మానించుకున్నాను.

సోమవారం బడికి సెలవు పెట్టి, చక్రాన్ని దుప్పట్లో చుట్టి రిపేరు చేసే ఆయన దగ్గరకు వెళ్లాను. ఆయన్ను అందరూ టక్‌టక్ మాస్టారు అంటారు. ఏ రిమ్ము ఇచ్చినా చుట్టూ నాణెంతో కొట్టి చెవి పెట్టి వింటాడు. నా చక్రం టక్, టక్, టక్ అంటూ వచ్చి, ఉబ్బిన చోట 'డబ్' అంది. నా గుండె కూడా సరిగ్గా అదే చప్పుడు చేసింది.

"లోపల పొరలు విడిపోయాయండి."

"అతికించలేరా?"

"పగులైతే అతికిస్తాను. కాలినదానితోనే చిక్కు. లోపల ఎంతదాకా కాలిందో పైకి తెలీదు. పైన పూత వేస్తే కొత్తదానిలాగే ఉంటుంది. కానీ కొండ దిగేటప్పుడు..."

"దిగేటప్పుడు?"

"ఏమీ కాకపోవచ్చు."

అందులో 'కాక' నాకు వినిపించలేదు. 'పోవచ్చు' ఒక్కటే వినిపించింది. మా ఆవిడకు చెప్పొద్దని ఆయన చేత మాట తీసుకుని బయటపడ్డాను.

తర్వాత సైకిళ్ల దుకాణానికి వెళ్లాను. దాని యజమానికి నేను పెట్టుకున్న పేరు మార్చేద్దాంగారు.

"ఒక్కటి మారిస్తే జత కుదరదు. రెండూ మార్చేద్దాం. కొత్త చక్రాల మధ్య సైకిల్ పాతగా కనిపిస్తుంది. అదీ మార్చేద్దాం."

"ఆదివారానికి వస్తాయా?"

"తెప్పించాలంటే ఆరు వారాలు పడుతుంది." గోడ మీది క్యాలెండరు చూశాడు. "పోటీ తేదీ మార్చేద్దామా?"

కాలినదాని మీద మోడల్ నంబరు చెరిగిపోయిందని, ముందు చక్రం మీదది చూసి చెప్పమన్నాడు. ఇంటికొచ్చి ఆ చక్రం విప్పి, వెలుతురు కోసం మెట్ల దగ్గరకు తెచ్చి, కళ్లజోడు తీసుకుందామని ఒక్క క్షణం గోడకు ఆనించాను. అది నా కోసం ఆగలేదు. మూడంతస్తుల మెట్లూ ఒక్కొక్కటే దిగి, కింద ఇనప గేటును ఢీకొట్టి పడుకుంది. వెళ్లి చూస్తే రిమ్ము పక్కన వెంట్రుకంత పగులు.

పొద్దున ఒక చక్రం పోయిందని ఏడ్చినవాణ్ణి, సాయంత్రానికి జత చేశాను.

మంగళవారం కొత్త టైరు వేయించి, నల్లరంగు కలిపి, సన్నటి కుంచెతో రెండింటికీ పూత పూశాను. నా జీవితంలో నేను వేసిన గొప్ప చిత్రం అదే. పది నిమిషాలు గర్వపడ్డాను. ఆ తర్వాత, ఆ రంగు చక్రాల మీదే మా ఆవిడ కొండ దిగుతున్నట్టు కనిపించింది. కుంచె పక్కన పడేశాను. చక్రాలను సైకిల్‌కు బిగించి ముసుగు కప్పాను గానీ, ఆ పూట నుంచి తిండి సహించలేదు.

నిజం చెప్పే ధైర్యం లేదు. ఆవిణ్ణి ఆ సైకిల్ ఎక్కనిచ్చే ధైర్యం అంతకంటే లేదు. శుక్రవారం నడుం పట్టుకుని కూలబడ్డాను.

"అబ్బా! నడుమే!"

"ఎక్కడ? ఇక్కడా?"

"అక్కడే! ప్రాణం పోతోంది!"

"అది బెల్టండీ."

నేల మీద చాప పరిచి పడుకోబెట్టింది. ఎడమ కాలు ఇరవైసార్లు ఎత్తించింది, కుడి కాలు ఇరవైసార్లు ఎత్తించింది, ఆ తర్వాత రెండూ కలిపి ఎత్తించింది.

"ఆదివారం నా దగ్గరే ఉంటావుగా?" అన్నాను రొప్పుతూ.

"ఎందుకుండనూ? పోటీ ముగించుకుని పదింటికల్లా వచ్చేస్తాను. ఏదీ, ఇంకో ఇరవై."

శనివారం సాయంత్రానికి నిజంగానే నడుం పట్టేసింది.

ఆదివారం తెల్లవారగానే ఆవిడ హెల్మెట్ పెట్టుకుని బాల్కనీ వైపు నడిచింది. నిలబడలేక, మోకాళ్ల మీద పాకుతూ వెళ్లి తలుపుకు అడ్డం పడ్డాను.

"ఎక్కొద్దు! వెనక చక్రం నేనే కాల్చేశాను. ముందుది మెట్ల మీద దొర్లించాను. రెండిటికీ రంగు పూశాను. నన్ను ఏమైనా అను, దాన్ని మాత్రం ఎక్కొద్దు!"

ఆవిడ నన్ను దాటుకుని వెళ్లి ముసుగు లాగింది. కార్బన్‌వి కొనకముందు వాడిన పాత ఇనప చక్రాలు సైకిల్‌కు మెరుస్తూ కనిపించాయి.

"ఎప్పుడు...?"

"బుధవారం. టక్‌టక్ మాస్టారి భుజానికి వైద్యం చేసేది నేనే."

"చెప్పనని మాటిచ్చాడే!"

"ఆయనంతట ఆయన చెప్పలేదు. నేను భుజం మీద వేలు పెట్టి నొక్కానంతే."

"అయితే నా నడుం నొప్పి..."

"మీరు 'అబ్బా' అన్నప్పుడే తెలుసు. వ్యాయామం మంచిదేగా అని చేయించాను." నవ్వు కాస్తా ఆగింది.  "రంగు పూసిన చక్రం మీద నన్ను పంపరని నమ్మకమేనండీ. కానీ నోరు తెరవడానికి ఇన్ని రోజులా? శనివారం దాకా ఎదురుచూశాను. భయమేసింది."

తల ఎత్తలేకపోయాను. ఈసారి అది నడుం వల్ల కాదు.

"రెండు చక్రాలూ మాస్టారికి చూపించాను. ముందుది అతికిస్తారట. వెనకది మార్చాల్సిందే," అంది నా నడుం మీద రెండుచోట్ల నొక్కి పట్టు వదిలించి, చేయందించి లేపుతూ. "పదండి, ఆలస్యమవుతోంది."

ఇనప చక్రాల మీదే ఆవిడ కొండను రెండుసార్లు ఎక్కిదిగి, మూడోసారి ఎక్కి, పైన తొమ్మిదో స్థానంలో గీత దాటింది. నేను చప్పట్లు కొడుతుంటే నా దగ్గరకొచ్చి, హెల్మెట్ తీసి నా తలకు పెట్టింది. జేబులోంచి కారు తాళాలు లాక్కుంది.

"మీరు సైకిల్‌ను కారుకు కట్టడం ఇక ఈ జన్మలో జరగదు. వెనక సీట్లో నా స్నేహితురాళ్లున్నారు. తొక్కుకుంటూ రండి. దిగుడేగా."

రెండు బ్రేకులూ పట్టుకుని దిగడం మొదలెట్టాను. నడిచిపోతున్న ఒక ముసలాయన నన్ను దాటి వెళ్లాడు. వెనక్కి చూస్తే, మా కారు పసుపు దీపాలు ఆర్పుతూ వెలిగిస్తూ, నా వేగంతోనే పాకుతూ వస్తోంది. నేను ఆగితే అదీ ఆగింది. మలుపు దగ్గర ఆవిడ అద్దం దించి తల బయటపెట్టింది.

"ఏమండీ, బ్రేకులు కాస్త వదలండి! అరిగిపోతే అవి కూడా మార్చాలి!"