నలభై రెండు మిస్సింగ్

ఆ ఆదివారం ఉదయశ్రీ పెట్టుకున్న పని చాలా చిన్నది. హోసూరులో తన అద్దె ఇంట్లో పెసరట్టు తిని, ఫ్యాను కింద కూర్చుని, ఆవుల లిస్టు పూర్తి చేయించి సాయంత్రం ఆరులోపల పంపేయాలి. వారమంతా ఫ్యాక్టరీ ఆఫీసులో అంకెలతో కుస్తీ పట్టే ఈ విజయవాడ అమ్మాయి, సెలవు రోజుల్లో కంప్యూటరు తెలిసిన నలుగురిని పోగేసి సేవాసంస్థలకు ఉచితంగా డేటా పని చేయిస్తుంది. చేయడం తేలికే, చేయించడమే కష్టమని మూడేళ్లుగా తెలుసుకుంటూనే ఉంది.

ఈసారి పని కృష్ణగిరి అవతల బోడిగుట్టపల్లి పాడి మహిళల సంఘానిది. ఊళ్లోని రెండు వందల పదిహేడు ఆవుల వివరాలు ఒక్క గడి ఖాళీ లేకుండా పశువుల ఆసుపత్రికి ఇస్తేనే టీకాల బండి వస్తుంది. కిందటేడు లిస్టు సగంలో ఆగింది. బండి బర్గూరు వైపు వెళ్లిపోయింది. తొమ్మిది ఆవులు గాలికుంటు జబ్బుతో మంచం పట్టినంత పనైంది. అందులో ఒకటి లేవనే లేదు. అది సంఘం పెద్ద కెంపమ్మది. ఆ సంగతి ఉదయశ్రీ మరిచిపోలేదు. అందుకే వాట్సాప్ గ్రూపులో కెంపమ్మను కూడా చేర్చి, వలంటీర్లకు గట్టిగా చెప్పింది: ఇంగ్లీషు వద్దు, ఆమెకు తెలిసేలా తెలుగులోనే రాయాలి.

తొమ్మిదింటికి వలంటీరు జితేంద్ర బుద్ధిగా తెలుగులోనే రాశాడు. "ఆవుల్లో నలభై రెండు మిస్సింగ్. పైవీధివి ముప్పై, కిందివీధివి పన్నెండు. సాయంత్రంలోగా దొరక్కపోతే తీసేద్దాం." ఉదయశ్రీ రెండో పెసరట్టు తిరగేస్తూ దానికి బొటనవేలు గుర్తు కూడా పెట్టింది.

లిస్టులో వయసు రాయని గడులను వాళ్లు మిస్సింగ్ అంటారు. కెంపమ్మకు తెలిసిన మిస్సింగ్ పోలీస్ స్టేషన్ గోడ మీద అంటించేది. ఆమె గుండెలు బాదుకుని ఆ మెసేజును ఊరి గ్రూపులోకి పంపింది.

ఊరంతా కొట్టాల్లోకి పరుగెత్తింది. ఎవరి ఆవు వాళ్లకు కనబడింది. "మాది ఉండాది. పాపం, ఎవురివో పోయినాయి" అని ప్రతివాళ్లూ పక్కవాళ్ల మీద జాలిపడి వెతకడానికి బయల్దేరారు.

పైవీధి తిమ్మరాయప్పకు మాత్రం లెక్క నచ్చలేదు. "మావి ముప్పై, మీవి పన్నెండేనా? ఇదేం కతప్పా?"

"అంటే మేమే తోలుకోని పోయినామంటావా?" అని కిందివీధి సుబ్బరాయప్ప భుజం మీది తువ్వాలు తీసి తలకు చుట్టాడు.

కెంపమ్మ భర్త వీరప్ప ఇద్దరినీ విడదీసి, కొందరిని బైకుల మీద దగ్గర్లోని పోచంపల్లి పశువుల సంతకు, కొందరిని గుట్ట వెనక్కు పంపాడు. ఉన్న ఆవులన్నింటినీ బడి గ్రౌండుకు తోలుకురమ్మని మైకులో చెప్పించాడు. కెంపమ్మ ఫోను తీసింది.

"ఉదయమ్మా, ఆడుండే మీకు ఈడి ఆవులు కంప్యూటర్లో కనపడతాయా?"

"కనపడతాయండీ, ఒక్కోటి ఒక్కో లైన్లో."

"అట్లయితే పోయిన నలభై రెండూ యాడుండాయో చూసి చెప్పమ్మా. మావాళ్లు పోలీసుల్ని పిలస్తామంటా ఉండారు."

పొయ్యి మీది ఐదో పెసరట్టు మాడిన వాసన వచ్చింది. ఉదయశ్రీకి అసలు సంగతి అర్థమైంది గానీ, అటువైపు గోలలో ఆమె మాట ఎవరికీ వినబడలేదు. పొయ్యి ఆర్పి, జితేంద్రను పిలిపించి అతని బైకు వెనక కూర్చుంది.

వాళ్లు చేరేసరికి గ్రౌండులో ఆవులు, మనుషులు, దుమ్ము కలిసి ఉన్నాయి. ఉదయశ్రీ బల్లెక్కి మైకు పట్టుకుంది. "క్షమించండి. పోయింది ఆవులు కాదండీ, వాటి వయసు!"

ఊరు ఒక్క క్షణం ఆలోచించింది.

"పోయిన వయసు యాడ దొరుకుతాదమ్మా?" అన్నాడు తిమ్మరాయప్ప. ముందు సుబ్బరాయప్ప నవ్వాడు, తర్వాత ఊరంతా నవ్వింది. కెంపమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

అప్పుడు చూసింది ఉదయశ్రీ. ఆర్నెల్లుగా ఫోన్లు చేసి, బతిమాలి, ఇంటింటికీ మనుషుల్ని పంపినా చిక్కని వివరాలు, ఇప్పుడు కొమ్ములతో సహా ఎదురుగా నిలబడి ఉన్నాయి. పక్కనే వాటి ఆసాములు. "జితేంద్రా, లాప్‌టాప్ తియ్!"

"మా అంబిక సమర్తాడిన ఏడు పుట్టింది ఇది" అన్నారొకరు. "కరెంటు స్తంభం పడినేడు కొన్నాం" అన్నారు ఇంకొకరు. గుర్తులేని చోట వీరప్ప ఆవు నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెప్పాడు. వాటిలో ఒకటి జితేంద్ర కళ్లద్దాలు నాకింది. ఐదింటికి నలభై రెండు గడులూ నిండాయి, లిస్టు వెళ్లింది. ఐదున్నరకు ఆసుపత్రి నుంచి జవాబొచ్చింది: గురువారం టీకాల బండి వస్తుంది. కెంపమ్మ ఉదయశ్రీని గట్టిగా వాటేసుకుంది. ఎవరో డప్పు కూడా తెచ్చారు.

ఆవులు ఇళ్లకు పోయాక గ్రౌండులో మూడు మిగిలాయి.

"ఇవి డూప్లికేట్లేమో చూడు" అంది ఉదయశ్రీ అలవాటుగా.

"డూప్లికేట్లు గడ్డి తినవండీ" అన్నాడు జితేంద్ర.

గుట్ట వెనక్కు పోయినవాళ్లు గర్వంగా ముందుకొచ్చారు. "అవి మేమే పట్టుకోని వచ్చినాము. ఆడ ఎవురూ లేకుండా మేస్తా ఉండె."

కెంపమ్మ ఫోను మోగింది. పక్కూరి గ్రూపులోంచి ఎవరో ఆమెకు పంపిన మెసేజు: "గుట్టకాడ మేస్తా ఉన్న మూడు ఆవులు మిస్సింగ్."

ఈసారి ఆ మాటకు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.