కళ్లద్దాల కొట్టాయన సమాన పంపకం

సంసారంలో న్యాయం కావాలంటే విడాకులు తీసుకోవాల్సిందే! కలిసున్నంత కాలం ఎవరికి ఎంత దక్కుతోందో చూసుకునే తీరికెవరికి? నమ్మకం కుదరకపోతే కళ్లద్దాల కొట్టాయన సంగతి వినండి.

పెళ్లయిన ఇన్నేళ్లలో వంటింట్లో చెంచాలు ఎక్కడుంటాయో ఆయనకు తెలీదు. విడాకులు అనగానే తెలిసింది! ప్లీడరును వెంటబెట్టుకొచ్చి, ప్రతి సామానూ తీసి, తిప్పి, తట్టి చూశాడు. ఈ మనిషి ఇంట్లో ఇంతసేపు ఉండటం ఇదే మొదలు కదా అనుకుంది భార్య, గుమ్మానికి ఆనుకుని.

పంపకం ధర్మకాటాలో తూచినట్టు జరిగింది. మంచం ఆయనకి, పరుపు ఆమెకి. మిక్సీ ఆమెకి, దాని జార్లు ఆయనకి. ఇంతకన్నా సమానత్వం ఏముంటుంది?

కొట్టు మాత్రం పంపకంలోకి రాదన్నాడు ప్లీడరు. అది ఆయన పేరున ఉందట. మరి పొద్దున్నించి పొద్దుపోయేదాకా కౌంటర్లో కూర్చున్నది తనే కదా అని ఆమె అడిగింది. దాన్ని సాయం అంటారని ప్లీడరు ఓపిగ్గా వివరించాడు. పనివాడు చేస్తే ఉద్యోగం, పెళ్లాం చేస్తే సాయం. ఎంత సున్నితమైన తేడా!

అంతా అయిపోయిందనుకుంటుండగా లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. కొట్టాయన తల్లి. మోకాళ్లు పట్టేసి, ఆసరా లేనిదే లేవలేని మనిషి.

అప్పటిదాకా గిన్నె మూతలో కూడా వాటా వదలని కొట్టాయన ఉన్నట్టుండి దానకర్ణుడైపోయాడు. అమ్మకి కోడలి చేతి వంట అలవాటైందని, ఈ వయసులో ఆ అలవాటు మాన్పించడం పాపమని, ఆవిణ్ణి పూర్తిగా ఆమే ఉంచుకోవచ్చని సెలవిచ్చాడు.

"సగమైనా వద్దాండీ?" అంది భార్య.

వద్దన్నాడు. త్యాగం చేస్తున్నందుకు ఆయన గొంతు కూడా వణికింది.

ఆమె లోపలికెళ్లి అత్తగారి పక్కన కూర్చుంది. "అత్తయ్యా, నాతో వస్తారా? అద్దె ఇల్లు, ఇరుకు. రేపట్నించి నేను వేరే కొట్లో పనికి పోవాలి."

తనను కూడా ఒకరు అడుగుతారని ముసలావిడ అనుకోలేదు. కోడలి భుజం పట్టుకుని లేచింది. గుమ్మం దాటబోతూ కొడుకు వంక చూసి, కన్నపేగు కాబట్టి, ఆగింది.

"అమ్మాయ్, వీడికి కొట్టు షట్టరు తీయడం కూడా రాదు. కాస్త చూపించి రావే పాపం."

"ప్లీడరుగారున్నారుగా అత్తయ్యా," అంది కోడలు, ఆవిడ చెప్పులు సర్దుతూ. "ఆయన సాయం చేస్తారు."